మరువపు మొలక

యానాంలో పుట్టినవాళ్ళకి పాండిచ్చేరి అంటే కాగితాల ఊరు. మా ఇంట్లో ఎవరి ఉద్యోగం మాట వచ్చినా, పింఛను మాట వచ్చినా "ఫైలు పాండిచ్చేరి వెళ్ళింది" అనే వాక్యం ఒకటి వినిపించేది. దూరం ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. గౌతమి ఒడ్డున ఉన్న మా చిన్న ఊరికీ, తమిళనాట సముద్రం ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఊరికీ చుట్టరికం కలిపినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. 1954లో వాళ్ళు వెళ్ళిపోయారు, చుట్టరికం మిగిలిపోయింది.

మా తాతయ్య ఫ్రెంచి హయాంలో గుమాస్తాగా చేశారు. ఉద్యోగం మీద మూడుసార్లు పాండిచ్చేరి వెళ్ళొచ్చారు. ఆ మూడు ప్రయాణాలనీ జీవితాంతం చెప్పుకున్నారు. వేసవి రాత్రుళ్ళు పెరట్లో మడతమంచం మీద పడుకుని చెబుతుంటే మేం మనవలం చుట్టూ చాపల మీద చేరేవాళ్ళం. సముద్రంలోకి పొడుగ్గా వేసిన ఇనుప వంతెన గురించి చెప్పేవారు. దాని చివరిదాకా నడిచి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా తెల్లగా, తీరిగ్గా, ఉతికి ఆరేసిన పంచెలా కనిపించేదట. 1952 తుపానులో ఆ వంతెన కొట్టుకుపోయిందని తెలిసిన రోజు తాతయ్య అన్నం సరిగ్గా తినలేదని మామ్మ చెప్పేది.

ఆయనకి ఇంకో దిగులు కూడా ఉండేది. "ఒరేయ్, ఆ ఊళ్ళో ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఉందిరా. ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర దగ్గర దుబాసీ. మన తెలుగులో ఒక ఛందశ్శాస్త్రమే ఆయన పేరు మీద ఉంది, కస్తూరి రంగకవి రాశాడు, ఆనందరంగరాట్ఛందము అని. మూడుసార్లు వెళ్ళి కూడా ఆ ఇల్లు చూడలేకపోయానురా" అనేవారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు చిన్నతనం మా యానాంలోనే గడిపారని ఎంత గర్వంగా చెప్పేవారో, పాండిచ్చేరిలో తెలుగు పద్యానికి ఒక ఇల్లుండేదని కూడా అంత గర్వంగానూ చెప్పేవారు. నాకప్పుడు పదేళ్ళు. దుబాసీ అంటే ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్పేవాడని తెలీదు, ఛందస్సు అంటే అసలే తెలీదు. ఆ పేరులో ఉన్న మోత మాత్రం చెవిలో పడి ఉండిపోయింది.

2017 డిసెంబరులో చెన్నైలో ఏదో పని పడింది. రెండు రోజులు మిగిలాయి. బస్సెక్కి పాండిచ్చేరి వెళ్ళాను. బస చేసినచోట బల్ల మీద ఒక కరపత్రం ఉంది: సాహిత్య నడక, పొద్దున్న ఆరున్నరకి గాంధీ విగ్రహం దగ్గర కలవాలి. ఊరు చూపించే నడకలు అక్కడ చాలానే ఉన్నాయి. కవుల ఇళ్ళు మాత్రమే చూపించే నడక అని చదివేసరికి తాతయ్య గుర్తొచ్చారు. పేరు రాయించుకున్నాను.

ఆరింటికే వెళ్ళి కూర్చున్నాను. పొద్దున్నపూట ఆ తీరం రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు. ఊరి జనమంతా నడకకి వస్తారు. గాంధీగారి విగ్రహం చుట్టూ చెంజి కోట ప్రాంతం నుంచి తెచ్చిన పాత రాతి స్తంభాలు, ఎదురుగా 1836లో కట్టిన పాత దీపస్తంభం. ఇసుక పెద్దగా లేదు, నల్లటి బండరాళ్ళ మీద కెరటం విరిగి తుంపర మొహం మీద పడుతోంది. మా యానాంలో నీళ్ళకి ఇంత చప్పుడు ఉండదు.

మొత్తం ఏడుగురం పోగయ్యాం. కోయంబత్తూరు నుంచి వచ్చిన దంపతులు, చెన్నై కాలేజీ పిల్లలు ముగ్గురు, తెల్లజుట్టు ఫ్రెంచావిడ ఒకరు, నేను. మమ్మల్ని తిప్పే ఆవిడ తమిళం పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. అరవై అయిదు పైన ఉంటాయి. నేత చీర, చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి. సంచి నిండా జిరాక్సు కాగితాలు. ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగారు. నా వంతు వచ్చినప్పుడు యానాం అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "యానామా! అయితే మీరు టూరిస్టు కాదు సార్, మా ఊరివారే" అన్నారు, తమిళంలో. మా ఊళ్ళో ఎన్నికలు, మా ఊళ్ళో వరదలు, అన్నీ ఆవిడకి పేపర్లో జిల్లా వార్తలే. అంతదూరం వెళ్ళి ఒక పరాయి వీధిలో నిలబడితే "మా ఊరివారే" అన్న మాట వినడం ఎలా ఉంటుందో, నాకు మాటల్లో పెట్టడం చేతకాదు.

ఇనుప వంతెన ఎక్కడుండేదని అడిగాను. గొడుగు చాపి చూపించారు. 1866లో కట్టారట. 1910 ఏప్రిల్ 4న అరవిందులు ఓడ దిగి ఈ ఊళ్ళో అడుగుపెట్టినప్పుడు ఆయన్ని తీసుకురావడానికి రేవుకి వెళ్ళినవాళ్ళలో తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి కూడా ఉన్నాడని చెప్పారు. అవతల బెంగాలు నుంచి ఒకరు, ఇవతల మద్రాసు నుంచి ఒకరు. ఇద్దరినీ తరిమింది ఒకే సర్కారు, ఇద్దరికీ నీడ ఇచ్చింది ఈ ఫ్రెంచి రేవు. మా తాతయ్య తన వంతెనలా చెప్పుకున్న చోటు అది. ఫొటో తీద్దామని ఫోను పైకెత్తాను. అక్కడ ఉత్త నీళ్ళే ఉన్నాయి. అయినా తీశాను.

అక్కడినుంచి లోపలి వీధుల్లోకి మళ్ళాం. పసుపు గోడలు, తెల్ల అంచులు, గోడల మీంచి వీధిలోకి ఒరిగిన కాగితం పూలు, నీలం రేకు మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ రాసిన వీధి పేర్లు. ఈ భాగం అందరూ ఫొటోల్లో చూసిందే. పార్కు మధ్యలో తెల్లటి ఆయి మండపం దగ్గర మాత్రం టీచరమ్మ ఆగి కథ చెప్పారు. దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూసి గుడి అనుకుని ఒక రాజు చేతులెత్తి మొక్కాడట. తీరా చూస్తే అది ఆయి అనే దేవదాసి ఇల్లు. పడగొట్టమన్నాడట. ఆవిడే తన ఇల్లు తను కూల్పించి, ఆ చోట ఊరికోసం చెరువు తవ్వించిందట. ఎంతో కాలం తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆ వైపు నుంచే ఊరికి మంచినీళ్ళు తెచ్చినప్పుడు, మూడో నెపోలియన్ కాలంలో, ఆవిడ పేరు మీద ఈ మండపం లేచింది. "కథలో ఆ రాజెవరో తెలుసా సార్? మీ కృష్ణదేవరాయలు" అన్నారు నా వంక చూసి. మా రాయల గురించి ఎన్ని కథలు విన్నాను! ఇది వినలేదు. ఆయన తప్పు చేసిన కథ కదా, మనదాకా రాలేదేమో అనుకున్నాను.

మణక్కుళ వినాయకుడి గుడి దగ్గర పూలు కొన్నారావిడ. భారతి ఈ వినాయకుడి మీద నాన్మణిమాలై అనే పద్యాల మాల రాశాడు. ఆయన రోజూ దణ్ణం పెట్టుకున్న దేవుడికి పెట్టే పూలే ఆయనకీ తీసుకెళ్ళడం తనకి అలవాటట. మల్లెలు, కనకాంబరాలు, మధ్యమధ్య పచ్చటి ఆకు రెమ్మలు కలిపి కట్టిన మూర రెండు మూరల కదంబం. అరిటాకులో చుట్టించి సంచిలో పెట్టుకున్నారు. ఆ పచ్చ రెమ్మల వాసన నాకు బాగా తెలిసిన వాసన. అప్పటికి ఏమీ అనలేదు.

అరవిందాశ్రమంలో మాట్లాడకూడదు. సమాధి మీద పూల అమరిక చూసి, చెట్టు నీడన కాసేపు నిలబడి వచ్చేశాం. ఇరవై నాలుగు వేల పంక్తుల దగ్గర దగ్గర సాగే సావిత్రి కావ్యాన్ని ఆయన దశాబ్దాల తరబడి ఈ ఊళ్ళోనే దిద్దుకుంటూ కూర్చున్నారు. మరి మొదట దిగిన ఇల్లు ఏదని కాలేజీ అమ్మాయి అడిగింది. కాలువ దాటి తమిళుల పేటలోకి వెళ్ళాక టీచరమ్మ ఆ వీధి పేరు చెప్పారు: కోముట్టి చెట్టి వీధి. అక్కడ శంకర చెట్టిగారి ఇంట్లో కొన్ని నెలలు దాగి ఉన్నారట. నేను ఉలిక్కిపడ్డాను. కోముట్టి ఏమిటి, మన కోమటే! నాలుగైదు మలుపులు తిరిగేసరికి తెలుగు మాట ఒకటి వీధి పేరై ఎదురొచ్చింది. టీచరమ్మకి చెబితే, ఆ పదం అర్థం ఏమిటని తను ఎప్పుడూ ఆలోచించలేదన్నారు.

ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో భారతి ఇల్లు. ఆ పొద్దుటి నడకలో నాకు బాగా మిగిలింది ఇదే, అంచేత ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1908లో ఆయన ఇక్కడికి వచ్చేనాటికి ఇరవై ఆరు కూడా నిండలేదు. మద్రాసులో తను నడిపే 'ఇండియా' వారపత్రిక మీద కేసు పడింది. ఇక్కడికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. బ్రిటిషు ఇండియాలోకి పత్రిక రాకుండా నిషేధిస్తే 1910లో అదీ ఆగిపోయింది. చేతిలో పత్రిక లేదు, పైసా లేదు, వీధి చివర బ్రిటిషు గూఢచారులు. ఆ స్థితిలో 1912 ఒక్క ఏడాదిలో కన్నన్ పాట్టు, కుయిల్ పాట్టు, పాంచాలీ శపథం వచ్చాయి. ఇంట్లో భార్య చెల్లమ్మ వంటకని తెచ్చి పెట్టుకున్న బియ్యాన్ని ఈయన తీసి పిచ్చుకలకి చల్లి, అవి తింటుంటే పాట కట్టుకున్నాడన్న కథ టీచరమ్మ చెప్పారు. కోయంబత్తూరాయన నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. "మరి ఆ పూట పిల్లలు ఏం తిన్నారు?" అని అడిగిందావిడ. భారతికి ఇద్దరు ఆడపిల్లలు. టీచరమ్మ ఒక్క క్షణం ఆగి, "ఆ మాట అడిగేవాళ్ళు తక్కువమ్మా" అన్నారు.

గోడల మీద ఫొటోలు, చేతిరాత కాగితాలు. తలపాగా, మీసం, ఎదురుగా ఉన్నవాడి గుండెలోకి చూసే ఆ కళ్ళు. డిసెంబరు 11న ఆయన పుట్టినరోజు అయింది, వారం కూడా కాలేదు. అరిటాకు పొట్లం విప్పి కదంబం ఆయన ఫొటో ముందు పెట్టారు. తర్వాత సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసి పంచారు. సింధు నది మీద వెన్నెల్లో, చేరదేశపు పడుచులతో కలిసి, సుందర తెలుగులో పాట పాడుకుంటూ పడవలు నడుపుతామని రాసిన పాట. "సుందరత్ తెలుంగినిల్ పాట్టిసైత్తు" అన్న చోట నా వైపు చెయ్యి చూపించారు. అందరూ నా వైపు తిరిగారు. తెలుగువాళ్ళం ఈ ఒక్క ముక్కనీ ఎన్ని సభల్లో చెప్పుకున్నామో! దాని ముందూ వెనకా ఏముందో మాత్రం నేనెప్పుడూ చదవలేదు. గంగ ఒడ్డు గోధుమలకి కావేరి తమలపాకు మార్చుకుందామని కూడా ఆ పాటలోనే ఉందని ఆ రోజే తెలిసింది నాకు.

"కానీ సార్," అన్నారు టీచరమ్మ, "ఇదే భారతి మాలాంటివాళ్ళని బాగా తిట్టాడు కూడా." సంగీతం మీద ఆయన రాసిన వ్యాసం సంగతి చెప్పారు. ఏ జిల్లాకి వెళ్ళినా, ఏ ఊరికి వెళ్ళినా, ఏ విద్వాంసుడు వచ్చినా అవే కీర్తనలు, పాడేవాడికి అర్థం తెలీదు, వినేవాడికీ తెలీదు, భాష తెలియకుండా పాడితే రసం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆయన వాపోయాడు. అలా ఊరూరా వినిపించే పాటల్లో 'రామ నీ సమానమెవరు' కూడా చెప్పాడట. "నేను చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు పాట నేర్చుకున్నాను. ఆ కీర్తన నలభై అయిదేళ్ళుగా పాడుతున్నాను. మొదటి లైను తెలుసు, రాముడికి సమానమెవరని. తర్వాతది ఇవాళ్టికీ తెలీదు."

మీరు పాడండి, నేను చెబుతాను అన్నాను. అనేశాక భయమేసింది, నాకు మాత్రం ఎంత తెలుసని? ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ నడవలోనే, సన్నగా ఎత్తుకున్నారు. ఖరహరప్రియ రాగం. మా అమ్మ సాయంత్రం దీపం పెట్టి పాడుకునే పాట అది.

"భామ మరువపు మొలక, భక్తియను పంజరపు చిలుక" దగ్గర ఆపారు. "ఇదే. బామమరు వపుమొల క. ఇలా ముక్కలు చేసి నేర్పారు నాకు."

నేను భారతి ఫొటో దగ్గరికి వెళ్ళి, ఆ కదంబంలోంచి ఒక పచ్చ రెమ్మ మెల్లగా లాగి ఆవిడ అరచేతిలో పెట్టాను. "మరువం అంటే ఇదేనండీ. నలిపి చూడండి." నలిపి వాసన చూశారు. "మొలక అంటే ఇప్పుడే పుట్టిన లేత మొక్క. భామ అంటే సీతమ్మ. ఆవిడకి రాముడు మరువపు మొలకలాంటివాడని మా అమ్మ చెప్పేది. ఎండినా వాసన పోదు దీనికి. రెండోది, భక్తి అనే పంజరంలో చిలుక. ఎంతటివాడైనా భక్తుడు పట్టుకుంటే ఆ పంజరంలోనే ఉంటాడు."

"మొలక... మా ముళై!" అన్నారావిడ. "మా ముళైయేనా?"

అదేనండీ అన్నాను. ఆ రెమ్మని ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ ఆ ఒక్క లైనూ పాడారు, ఈసారి పదాలు ఎక్కడ విరగాలో అక్కడ విరిచి. ఫ్రెంచావిడకి భాష ఏదీ తెలీదు. ఆవిడా తనకో రెమ్మ ఇమ్మని చెయ్యి చాపింది. గోడమీద మీసాలాయన చూస్తూనే ఉన్నాడు.

పెరుమాళ్ కోయిల్ వీధిలో భారతిదాసన్ ఇంటికి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. 1891లో ఈ ఊళ్ళోనే పుట్టిన కనకసుబ్బురత్నం భారతిని చూశాక ఆయనకి దాసుణ్ణని పేరు మార్చుకున్నాడు. ఆయన రాసిన పాటే ఇప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వ సభల్లో ప్రార్థన. ఒక్కమాట: గురువు పేరు పెట్టుకున్నవాడు గురువు దారిలోనే ఆగిపోలేదు. దేవుణ్ణి కూడా ప్రశ్నించే వైపు వెళ్ళాడు. అలాంటి దాస్యం నాకు నచ్చింది.

చివరికి పెద్ద మార్కెట్టు వైపు నడిచాం. చేపల వాసన, మల్లెల వాసన, కాఫీ వాసన, కూలీల కేకలు. ఆ రద్దీలో ఒక పాత మేడ. "ఆనందరంగ పిళ్ళై" అన్నారు టీచరమ్మ. ఆ రోజు లోపలికి వెళ్ళడానికి కుదరలేదు. కింద మన పద్ధతిలో చెక్క స్తంభాలు, పైన దొరల పద్ధతిలో ఇటుక సున్నం స్తంభాలు ఉంటాయని వీధిలో నిలబెట్టే చెప్పారు. ఇంటికి కూడా రెండు భాషలు వచ్చన్నమాట.

ఆయన 1736 సెప్టెంబరు నుంచి చనిపోయేదాకా, పాతికేళ్ళు తమిళంలో దినచర్య రాసుకున్నాడు. ఏ ఓడ వచ్చింది, సరుకు ఏ ధర పలికింది, గవర్నరు భార్య ఏమంది, తనకి ఎవరి మీద కోపం వచ్చింది, అన్నీ. 1748లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని ముట్టడించిన రోజుల్లో వేదపురీశ్వరుడి గుడిని ఫ్రెంచివాళ్ళు పడగొట్టినప్పుడు కూడా, ఆ దొరల కొలువులోనే ఉండి, ఆ దుఃఖమంతా కాగితం మీద పెట్టాడు. 1761 జనవరిలో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. సరిగ్గా దానికి కొద్ది రోజుల ముందు ఆయన కన్నుమూశాడు. గెలిచినవాళ్ళు ఊరిని నేలమట్టం చేశారు. ఈ ఇల్లు మిగిలింది.

అప్పుడు నేను ఆనందరంగరాట్ఛందము సంగతి చెప్పాను. సంస్కృతంలో ఆయన మీద చంపూకావ్యం ఉందని టీచరమ్మకి తెలుసు, తెలుగులో ఛందశ్శాస్త్రం ఉందని తెలీదు. ఆ పేరు నాచేత మూడుసార్లు చెప్పించుకుని, తన నోటుపుస్తకంలో తమిళ లిపిలో రాసుకున్నారు. తమిళంలో డ కీ ఠ కీ ఒకటే అక్షరం, ఛ కి అక్షరమే లేదు. ఎలా రాయాలో తేల్చుకోవడానికి మేమిద్దరం ఆ సందడిలో చాలాసేపు నిలబడిపోయాం. పక్కనుంచి అరటిగెల మోసుకెళ్తున్నతను తప్పుకోమని అరిచాడు.

అందరూ వెళ్ళాక నేను వెనక్కి వచ్చి ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. ఎండకి వెచ్చగా ఉంది. సున్నం చేతికి అంటుకుంది. తాతయ్య పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు.

చెన్నై నుంచి రైల్లో వస్తూ జేబులో చెయ్యి పెడితే మరువం రెమ్మ తగిలింది. వాడిపోయింది కానీ వాసన అలాగే ఉంది. యానాం వెళ్ళినప్పుడు అమ్మకిచ్చాను. దేవుడి గూట్లో పెట్టుకుంది.

రెండు నెలల తర్వాత అనుకుంటాను, ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను. "సార్, పాండిచ్చేరి నుంచి. చరణం దగ్గర ఆగిపోయాను. పలుకు పలుకులకు తేనెలొలుకు. తేనె మా తేన్. ఒలుకు ఏమిటి?"

ఎలా చెప్పాలో తోచలేదు కాసేపు. "నిండా పోసిన గిన్నె కొంచెం వంచితే అంచు మీంచి జారుతుంది చూడండి, అది ఒలకడం" అన్నాను.

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. "ఒళుగు!" అన్నారు గట్టిగా. "సార్, మా ఒళుగు!"

ఫోను పెట్టెయ్యలేదు ఆవిడ. పక్కన ఎక్కడో పెట్టినట్టున్నారు. దూరంగా శ్రుతిపెట్టె మోగింది. చరణం ఎత్తుకున్నారు. ఒలుకు అన్న చోట గొంతు కొంచెం వంచి, మెల్లగా పోశారు.